యంత్రము తీసిన చీటీ

12 మందికి మాత్రమే చోటున్న వసతిగృహానికి 41 దరఖాస్తులు వచ్చినప్పుడు, ఆ 12 మందిని ఎవరు ఏరవలెను? ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురైనది కాదు. 2014 జూన్ నెలలో, మా షోలాపురంలో, తెలుగు పిల్లల కొరకు నడిచే ఒక చిన్న వసతిగృహపు కార్యవర్గంలో సభ్యుడనై కూర్చున్నప్పుడు ఎదురైనది. ఆనాడు మేము చేసిన పనిని ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు. ఇప్పుడు వ్రాయుటకు కారణం, ఆ పని తప్పని నాకు ఆ రోజున తోచకపోవటమే.

అంతకు ముందు చాలా ఏండ్లు సిఫారసులతో నడిచినది. పెద్దల చేత ఉత్తరం తెచ్చుకొన్నవాడికి గది, తెచ్చుకోలేనివాడికి మంచిమాట. ఆ గోల పడలేక కొన్నాళ్ళు చీటీలు వేసినాము. పేర్లన్నీ ఒకే కొలత కాగితాల మీద వ్రాసి, ఒకే తీరుగా మడిచి, ఇత్తడి బిందెలో వేసి, మూతికి గుడ్డ కట్టి బాగా కుదిపి, ఐదేండ్ల పిల్లచేత ఒక్కొక్కటే తీయించేవాళ్ళము. ఎవరూ తగవులాడలేదు. కాని ఆ ఏడు మా సంఘంలోని ఒక యువకుడు, పూనాలో కంప్యూటరు ఉద్యోగం చేసేవాడు, “ఇంకా బిందె ఏమిటి బాబాయిగారూ! పి.హెచ్.పి.లో నాలుగు వరుసలు వ్రాస్తే యంత్రమే తీసిపెడుతుంది గదా” అన్నాడు. సరే నన్నాము.

ఐదుగురం బల్ల చుట్టూ కూర్చున్నాము. కుర్రవాడు మీట నొక్కినాడు. తెరమీద 12 పేర్లు వచ్చినవి. మాలో పెద్దవారు ఒకరు చదివి, “భివండి నుంచి వచ్చిన మగ్గం పనివాని కొడుకు, తండ్రి పోయిన పిల్లవాడు, అతని పేరు లేదే!” అన్నారు. అందరి ముఖాలూ చిన్నబోయినవి. “ఇంకొకసారి నొక్కు నాయనా” అన్నారు ఆయన. రెండవసారీ రాలేదు. మూడవసారి వచ్చినది. మేము ఊపిరి పీల్చుకొని కింద సంతకాలు చేసినాము. నేనూ చేసినాను. మంచిపని చేసినామన్న తృప్తితోనే ఇంటికి వెళ్ళినాను.

రెండు నెలల తరువాత అక్కల్‌కోట నుంచి ఒక తండ్రి వచ్చినాడు. అరుగుమీద కూర్చోమన్నా కూర్చోలేదు. “మొదటిసారి తీసినప్పుడు మావాడి పేరు వచ్చినదట. నిజమేనా అండీ?” అని మాత్రం అడిగినాడు. ఆయన కొడుకు రోజూ తెల్లవారకముందే బస్సెక్కి కాలేజీకి వచ్చి పోతున్నాడు. నేను ఏమి చెప్పగలను? భివండి పిల్లవాని ముఖం మాకు తెలుసు. అతని కొరకు మేము తొలగించిన పిల్లవాని ముఖం మాకు తెలియదు. తెలియకపోవటం చేతనే తొలగించగలిగినాము.

అప్పటినుంచి ఈ విషయం నన్ను వదలలేదు. యంత్రం చీటీ తీయటమంటే ఏమిటో తెలిసికొనుటకు ఆ కుర్రవానినే గురువుగా చేసికొన్నాను. నేను పట్టుకొన్నంత వరకు ఇక్కడ వ్రాస్తాను.

పి.హెచ్.పి. అనేది వెబ్ పుటలు తయారుచేయుటకు వాడే భాష. రాస్మస్ లెర్డార్ఫ్ అనే ఆయన 1995లో దానిని లోకానికి విడుదల చేసినారు. అందులో ‘రాండ్’ అనే మాట ఒకటి ఉన్నది. ‘ఒకటి నుంచి వంద లోపల ఏదో ఒక సంఖ్య ఇమ్ము’ అంటే ఇస్తుంది. ‘షఫుల్’ అనే మాట పేకముక్కలను కలిపినట్లు పేర్ల పట్టికను కలిపివేస్తుంది. చూచేవాడికి అంతా యాదృచ్ఛికం. కాని గణనయంత్రానికి యాదృచ్ఛికమనేది తెలియదు. దానికి లెక్క ఒక్కటే తెలుసు. ఒక సంఖ్యను తీసికొని దానిని గుణించి, విరిచి, తిరగవేసి మరొక సంఖ్యను చేస్తుంది. ఆ రెండవదానినుంచి మూడవది. మొట్టమొదటి సంఖ్యను బీజం అంటారు. బీజం ఒకటే అయితే తరువాతి వరుస అంతా ఒకటే.

ఈ ఉపాయానికి తొలిరూపాలలో ఒకదానిని జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే గణిత పండితుడు చెప్పినాడు. కాగితం మీద ఎవరైనా చేసి చూడవచ్చును. 1234ను తనతోనే గుణిస్తే 1522756. ముందు ఒక సున్న చేర్చి ఎనిమిది అంకెలు చేసి, నడిమి నాలుగూ తీసికొంటే 5227. దానిని మళ్ళీ గుణించి నడుము తీస్తే 3215, ఆ తరువాత 3362. ఈ వరుసలో ఏమైనా నియమం కనబడుతున్నదా? కనబడదు. కాని నియమం తప్ప మరేమీ లేదు. పొరపాటున 2500 తగిలిందా, దానిని గుణించి నడుము తీస్తే మళ్ళీ 2500 వస్తుంది. ఇక లోకాంతం వరకు అదే. అంకగణితంతో యాదృచ్ఛికాన్ని పుట్టించదలచినవాడు పాపం చేస్తున్నట్లే నని ఆ పండితుడే 1951లో పరిహాసంగా అన్నాడు. పాపమని తెలిసీ అందరమూ చేస్తున్నాము. అది వేరే సంగతి.

తరువాత వచ్చిన పద్ధతులు చాలా మెరుగైనవి. మాకోతో మాత్సుమోతో, తకుజీ నిషిమురా అనే ఇద్దరు జపాను పండితులు 1997లో కట్టిన ‘మెర్సెన్ ట్విస్టర్’ అనేదే పి.హెచ్.పి.లోని ‘ఎమ్‌టీ రాండ్’కు ఆధారం. అది తన వరుసను మొదటికి వచ్చి తిరిగి చెప్పుటకు పట్టే సంఖ్యను వ్రాయవలెనంటే 6,002 అంకెలు కావలెను. అయినా దాని కడుపులో ఉండేది 624 సంఖ్యలే. అది వెలువరించిన పూర్తి సంఖ్యలను వరుసగా 624 చూచినవాడు ఆ తరువాత రాబోయేవన్నీ తప్పులేకుండా చెప్పగలడు. ఇంత దొడ్డ యంత్రానికి పి.హెచ్.పి.లో వేసే బీజం మాత్రం చిన్నది. దానికి 429,49,67,296 విలువలే ఉన్నవి. వినడానికి పెద్ద సంఖ్యే. కాని 41 మందినుంచి 12 మందిని ఏరే రీతులు 789,86,54,920. ఒక్కొక్క బీజానికి ఒక్కొక్క పట్టిక చొప్పున వేసికొన్నా, 360 కోట్లకు పైగా పట్టికలు ఆ యంత్రం నోట ఏనాటికీ రావు. ఏ పిల్లవాని అవకాశమూ దీనివలన పెద్దగా తగ్గదు గాని, ‘ఏదైనా రావచ్చును’ అని మేము ఆనాడు ధీమాగా అన్న మాట అక్షరాలా అబద్ధమని తెలిసినప్పుడు నాకు కొంచెం సిగ్గయినది.

ఇంకొక చిక్కు ఇళ్ళలో పిల్లలు చేసేదే. ఆరుగురు పిల్లలు ఒక మామిడిపండు కొరకు బస్సుటిక్కెట్టు చివరి అంకెను చూస్తారనుకొనండి. సున్ననుంచి తొమ్మిదివరకు పది అంకెలు. ఆరుతో భాగించి శేషాన్ని బట్టి పండు ఇస్తే, మొదటి నలుగురికి రెండేసి అంకెలు, చివరి ఇద్దరికి ఒక్కొక్కటే. అందరూ సమానమే ననుకొని కూర్చొంటారు, చివరి ఇద్దరికి మాత్రం పండు సగమే అందుతుంది. అజాగ్రత్తగా వ్రాసిన ప్రోగ్రాములలో ఇదే అన్యాయం కంటికి ఆననంత సన్నగా నడుస్తుంది. మందు సులభమే. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది వస్తే ఆ టిక్కెట్టు పారవేసి మరొకటి చూడవలెను.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. వరుస అంతా ముందే నిర్ణయమై ఉన్నప్పుడు దానిని యాదృచ్ఛికమనుట తగునా? నలుని కథ అందరూ ఎరిగినదే. బాహుకుడై రథం తోలుతున్న నలునికి ఋతుపర్ణ మహారాజు దారిలో ఒక తాండ్రచెట్టును చూపి, దాని ఆకులూ కాయలూ ఇన్ని అని చెప్పినాడు. నలుడు రథం ఆపి లెక్కపెట్టి చూచి ఆశ్చర్యపడినాడు. అప్పుడే రాజు తన అక్షహృదయాన్ని అతనికి ఇచ్చి, అశ్వహృదయం పుచ్చుకొనుటకు ఒప్పుకొన్నాడు. ఆ కాలపు పాచికలు ఆ చెట్టు కాయలే నన్నది గమనింపదగినది. పాచికలు మారలేదు, పడే తీరు మారలేదు. తెలిసినవాడు ఒకడు కొత్తగా వచ్చినాడు, అంతే. అడవికి పోకముందు అవే పాచికలు నలునికి దైవం, ఋతుపర్ణునికి లెక్క.

కనుక యాదృచ్ఛికమనేది సంఖ్యలో ఉండే గుణం కాదని నాకు తోస్తున్నది. అది సంఖ్యకూ, దానిని చూచేవానికీ నడుమ ఉండే సంబంధం. బీజం తెలిసినవానికి వరుస నిశ్చయం, తెలియనివానికి అనిశ్చయం. రెండు మాటలూ నిజమే, ఎవరి దృష్టినుంచి అన్నది చెప్పినప్పుడు. ఈ సంచికను చదివేవారికి ఈ తీరు వాదం కొత్త కాదు. భారత గణాంకశాస్త్రానికి పునాది వేసిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1954లో ప్రకటించిన వ్యాసంలో, నాణెం ఎగురవేయుటను ఉదాహరణగా తీసికొని, జైనుల స్యాద్వాదంలోని ఏడు భంగాలలో సంభావ్యతా శాస్త్రపు తాత్త్విక ఛాయ ఉన్నదని చూపినారు. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో అదే స్యాద్వాదం మీద వేరొక వ్యాసం వ్రాసినారు. ప్రాచీనులకు అన్నీ ముందే తెలుసునని జబ్బలు చరచుకొనుటకు ఈ మాట చెప్పటం లేదు. మహలనోబిస్ కూడా అట్లా అనలేదు. ‘ఏ దృష్టినుంచి?’ అని అడగనిదే ‘యాదృచ్ఛికమా, కాదా?’ అన్న ప్రశ్నకు జవాబు లేదని మాత్రమే నా మనవి.

ఇట్లా చూస్తే మోసం అనే మాటకు కూడా అర్థం స్పష్టపడుతుంది. చీటీలో మోసమంటే సంఖ్యలు చెడిపోవటం కాదు, కొందరికి తెలిసినది కొందరికి తెలియకపోవటం. 1999లో ఇంటర్నెట్టు పేకాట సాఫ్టువేరు ఒకదానిని పరిశీలించినవారికి, అది ముక్కలు కలుపుటకు అర్ధరాత్రినుంచి గడిచిన మిల్లీసెకన్లను బీజంగా వాడుతున్నదని తెలిసినది. రోజుకు 8,64,00,000 మిల్లీసెకన్లే గదా! గడియారం సరిచూచుకొని, తమకు వచ్చిన ముక్కలూ బల్లమీద తెరిచిన ముక్కలూ చూచుకొంటే, అవతలివాని చేతిలో ఏమున్నదో ఆడుతుండగానే చెప్పగలిగినారు. అమెరికాలోనే మరొకచోట, లాటరీ సంస్థలో రక్షణాధికారిగా ఉన్నవాడే సంఖ్యలు తీసే యంత్రంలో రహస్యంగా నాలుగు వరుసలు చేర్చి, కొన్ని తేదీలలో ఏ సంఖ్యలు రాగలవో ముందే తెలిసికొన్నాడు. 2010 డిసెంబరులో కొన్న ఒక టిక్కెట్టుతో దొరికిపోయినాడు. 2017లో శిక్ష పడినది.

మోసగాడు లేకపోయినా అన్యాయం జరగవచ్చును. 1969 డిసెంబరు 1న అమెరికా ప్రభుత్వం, వియత్నాం యుద్ధానికి యువకులను పిలిచే క్రమాన్ని పుట్టినరోజుల చీటీలతో నిర్ణయించినది. 366 తేదీలు, 366 ప్లాస్టిక్ గొట్టాలు. నెలల వారీగా ఒక పెట్టెలో వేసినారు, జనవరి మొదట, డిసెంబరు చివర. తగినంతగా కలపలేదు. చివర వేసినవి ముందు వచ్చినవి. జనవరిలో పుట్టినవారికి సగటు వరుస సంఖ్య సుమారు 201 పడితే, డిసెంబరులో పుట్టినవారికి సుమారు 121 పడినది. చిన్న సంఖ్య అంటే ముందు పిలుపు. పెట్టెను ఇంకొంచెంసేపు కుదిపి ఉంటే కొన్ని వేల ఇండ్లలో కథ వేరుగా నడిచేది. మరుసటి ఏడు యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలు వాడి, రెండు డ్రమ్ములు తిప్పి సరిచేసికొన్నారు. మా బిందెను కుదిపిన రోజులు నాకు ఇది చదివినప్పుడు గుర్తుకు వచ్చినవి. గుడ్డ కట్టి కుదిపేవాడు మా వంటమనిషి. ఆయన చేతులు నొప్పి పుట్టేదాకా ఆపేవాడు కాదు.

మా పాపం ఈ రెండు జాతులకూ చెందదు. మాకు ముందుగా ఏమీ తెలియదు, యంత్రమూ చెడిపోలేదు. మూడు పట్టికలలో ఏ ఒక్కటి చూచినా న్యాయమైన చీటీయే. కాని మూడింటిలో ఒకదానిని ఏరినది మేము. ‘యంత్రం తీసినది’ అని నోటీసు బల్లమీద అంటించినాము. సిఫారసు ఉత్తరాల రోజులలో కనీసం సంతకం చేసినవాని పేరు ఉండేది. ఈసారి మా సిఫారసును యంత్రం ముసుగు వెనుక దాచినాము. పక్షపాతం కంటె ఇది ఒక మెట్టు కిందిదని నా అభిప్రాయం. ఎందుకంటే, పక్షపాతిని నిలవేసి అడుగుటకు వీలున్నది.

‘మరి తండ్రిలేని పిల్లవాడు ఏమి కావలె?’ అని నన్ను అడిగినవారున్నారు. నిజమైన ప్రశ్నే. దానికి జవాబు చీటీకి ముందు చెప్పవలసి ఉండెను. ఇన్ని గదులు తండ్రిలేని పిల్లలకని ముందే వ్రాసిపెట్టి, మిగిలినవాటికి చీటీ వేసి ఉంటే ఎవరికీ ద్రోహం జరిగేది కాదు. పేర్లు చూచిన తరువాత పుట్టిన దయకు ఎదుట ఒకే ముఖం కనబడుతుంది. పైగా, ఆ మొదటి పట్టికలో భివండి పిల్లవానికి బదులు మా పెద్దాయన మేనల్లుని పేరు రాకపోతే ఏమి చేసి ఉండేవాళ్ళము? ‘ఇంకొకసారి నొక్కు’ అనేవాళ్ళము కామా? నేను కాదని ప్రమాణం చేయలేను.

పి.హెచ్.పి. కూడా ఈ నడుమ చాలా నేర్చుకొన్నది. 2015 డిసెంబరులో వచ్చిన 7.0లో ‘రాండమ్ ఇంట్’ అనే మాటను చేర్చినారు. అది లెక్కతో సరిపెట్టదు. యంత్రపు కీలకవ్యవస్థను అడుగుతుంది. ఆ వ్యవస్థ యంత్రాంగంలో ఎప్పటికప్పుడు కలిగే సూక్ష్మమైన కాలభేదాలవంటి బయటి అలజడులను పోగుచేసి ఉంచుతుంది. సంకేతపదాలకు, డబ్బు లావాదేవీలకు దానినే వాడవలెను. తగిన మూలం దొరకకపోతే ‘రాండమ్ ఇంట్’ ఏదో ఒక సంఖ్య చేతిలో పెట్టి పంపించదు, పని ఆపివేసి తన వల్ల కాదని చెప్పుతుంది. ఈ గుణం నాకు బాగా నచ్చినది. మా కార్యవర్గానికి లేనిది అదే.

కాని చీటీ విషయంలో నేను అందరూ పొగిడే ఈ మాటను వదలి, అందరూ తక్కువచేసే పాత పద్ధతినే కోరుకొన్నాను. కుర్రవాడు నవ్వినాడు. నా వాదం ఇది: బయటి అలజడినుంచి వచ్చిన పట్టికను రెండవసారి తెప్పించి చూపలేము. మేము ఎన్నిసార్లు నొక్కినామో దేవునికే ఎరుక. బీజంనుంచి వచ్చిన పట్టిక అయితే, ఆ బీజం తెలిసిన ఎవరైనా తన ఇంట్లో అదే పట్టికను రప్పించుకొని సరిచూచుకోవచ్చును. కావలసినదల్లా, తీసేదాకా బీజం ఎవరికీ తెలియకుండుట, తీసిన తరువాత అందరికీ తెలియుట.

2017 నుంచి మేము చేస్తున్నది ఇది. దరఖాస్తుల పట్టికను సంఖ్యల క్రమంలో ముందుగానే అంటిస్తాము, ఎందుకంటే పేర్ల వరుస మారిస్తే అదే బీజానికి వేరే పిల్లలు వస్తారు. ప్రోగ్రామును కూడా అంటిస్తాము, పి.హెచ్.పి. ఎన్నవ కూర్పు అన్నదానితో సహా. 2016 డిసెంబరులో వచ్చిన 7.1లో ‘ఎమ్‌టీ రాండ్’లోని ఒక పాత తప్పును దిద్దినారు. అందుచేత ఒకే బీజానికి పాత కూర్పు ఒక వరుస, కొత్త కూర్పు మరొక వరుస ఇస్తుంది. చీటీనాడు వచ్చిన ప్రతి తల్లీ తండ్రీ ఒక ఆరంకెల సంఖ్యను కాగితం మీద వ్రాసి కవరులో వేసి అంటించి ఇస్తారు. అన్నీ చేరిన తరువాత అందరి ఎదుట చింపి, పైకి చదివి, నల్లబల్లమీద కూడుతాము. ఆ మొత్తమే బీజం. మీట ఒక్కసారే నొక్కుతాము. నలభైమంది కూడబలుక్కొన్నా, ఒక్కడు తన సంఖ్యను గుట్టుగా ఉంచుకొంటే మొత్తం ఎవరికీ ముందుగా తెలియదు. అయితే ఆరంకెలు వ్రాయమంటే చాలామంది పెండ్లితేదీలే వ్రాస్తారు. అవి ఊహించరానివేమీ కావు. ఒకాయన ఏటా తన స్కూటరు నంబరుకు ముందు రెండు సున్నలు తగిలించి వ్రాస్తాడు. ఈ లోపం మాకు తెలుసు, ఇంకా సరిచేసికోలేదు.

2023లో అక్కల్‌కోట నుంచి ఆ తండ్రి మళ్ళీ వచ్చినాడు, చిన్నకొడుకు దరఖాస్తుతో. కవరు ఇచ్చి చివరి బెంచీమీద కూర్చున్నాడు. కూడిక అయినది, మీట నొక్కినారు, 12 పేర్లు చదివినారు. చిన్నవాని పేరు లేదు. నేను తల వంచుకొన్నాను. ఆయన లేచి నల్లబల్ల దగ్గరకు వచ్చి, జేబులోనుంచి పెన్సిలు తీసి, మొత్తాన్ని ఒక కాగితం మీద ఎక్కించుకొన్నాడు. తరువాత కూడికను మొదటినుంచి తానే ఒకసారి చేసి చూచుకొన్నాడు. “సరిపోయినదండీ” అని, కాగితం మడిచి జేబులో పెట్టుకొని, బస్సు వేళయినదని వెళ్ళిపోయినాడు.